ఖోబర్ ఇంట్లో ఇంగ్లీషు గది

గల్ఫ్ యుద్ధం రోజుల్లో నేను సౌదీలోని ఖోబర్‌లో ఉన్నానని తెలియగానే ఇప్పటి విలేకరి కుర్రాళ్ళు ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణుల సంగతి అడుగుతారు. స్కడ్లు చూశాను. ఆకాశంలో ఒక ఎర్రటి గీత, దానికి ఎదురుగా ఇంకో గీత, ఆ తర్వాత కిటికీ అద్దాల గజగజ. కొన్నాళ్ళకి అదీ అలవాటైంది. నా ఉద్యోగంలో నిజంగా ఒళ్ళు జలదరించింది ఒక గోడకాగితం దగ్గర. ఈ మాట అనగానే వాళ్ళు మర్యాదగా నవ్వి సెల్‌ఫోన్ చూసుకుంటారు. చెబితే వినరు కాబట్టి రాస్తున్నాను.

తెలుగు దినపత్రికలో చాలాకాలం సబ్ ఎడిటర్‌గా చేసి, సౌదీలో ఒక ఇంగ్లీషు పత్రికలో చేరాను. తూర్పు ప్రాంతానికి మాదో చిన్న ఆఫీసు. ఓడరేవు వార్తలు, బడి వార్షికోత్సవాలు, శుక్రవారం క్రికెట్, ఇవీ మా సరుకు. కువైట్‌లోకి ఇరాక్ సైన్యం దిగాక రోజూ ఏదో ఒక మూల 'పరిస్థితి మామూలుగానే ఉంది' అని వేసేవాళ్ళం. మా ఎడిటర్‌కి ఆ వాక్యం మీద తనకే విసుగు పుట్టినట్టుంది. ఒకరోజు ఫోన్‌లో, "వారాంతపు పేజీకి యుద్ధం వాసన లేనిదేదైనా రాయవయ్యా" అన్నాడు.

అలా ఒక ఫర్నిచర్ వ్యాపారి ఇంటికి వెళ్ళాను. ఆయన సౌదీ మనిషి, చదువు ఇంగ్లండులో. మంచి మాటకారి. ఇంగ్లండులో పడగొట్టబోతున్న ఒక పాత భవంతి నుంచి ఒక గదిని గదిగా కొని తెచ్చుకున్నాడు. గోడకాగితం, పొయ్యి చుట్టూ ఉండే పూల టైల్స్, బొమ్మలు చిత్రించిన బీరువా, అన్నీ ఓడలో వచ్చాయి. వాటి కోసం ఖోబర్‌లో తన ఇంటి నడిమధ్యన, కిటికీ అనేది లేకుండా ఒక గది కట్టించాడు. ఎండ తగిలితే రంగు పోతుందని భయం. పనివాళ్ళు దాన్ని ఇంగ్లీషు గది అనేవాళ్ళు.

విక్టోరియా రాణి కాలంలో కొందరు చిత్రకారులు ఉండేవాళ్ళట. బొమ్మ గీసేవాడు పైన, బీరువా చేసేవాడు కింద అన్న తేడా వాళ్ళకి గిట్టలేదు. యంత్రాలు పోసిన వికారపు సరుకు ఇళ్ళ నిండా చేరుతుంటే చూడలేక, కాన్వాసు పక్కన పెట్టి గోడకాగితాలకి నమూనాలు గీశారు. టైల్స్ మీద పూలు వేశారు, బీరువా తలుపుల మీద కథలు చిత్రించారు, తెరలకీ తివాచీలకీ రంగులు తామే కూర్చారు. కూర్చునే కుర్చీ కూడా చిత్రమంత అందంగా ఉండాలన్నది వాళ్ళ పట్టుదల. వ్యాపారి ఇదంతా నాకు చెబుతుంటే, నిచ్చెన మీద కూర్చుని గోడ మూల పని చేసుకుంటున్న మనిషి తెలుగులో అడిగాడు.

"ఏమంటున్నడు సార్ షేకు?"

చెప్పాను.

"గిది కొత్త ముచ్చటా? మా నిర్మల్ దిక్కు నకాషోల్లు బొమ్మా ఏస్తరు, పీటా ఏస్తరు, పిల్లల ఉయ్యాలా ఏస్తరు. ఏది పెద్దదని ఎవడూ పంచాయితి పెట్టలే."

వ్యాపారికి అనువదించి చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "అందుకే గదా ఇతన్ని పెట్టుకున్నాను" అన్నాడు.

ఆ మనిషి వ్యాపారి కార్ఖానాలో మంచాల తలాపి చెక్కలకి పూలు వేసే పెయింటర్. నలభై దాటిన వయసు. ఓడలో తడి తగిలి గోడకాగితం ఒక మూల చినిగి, కొంత మేర బొమ్మే లేకుండా పోయింది. ఆ ఖాళీని పాతదానిలో కలిసిపోయేలా నింపడం అతని పని. నమూనా నిండా ముళ్ళతీగ, దట్టమైన ఆకులు, ఆకుల మధ్య జంటలు జంటలుగా పిట్టలు. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియకుండా గోడంతా అల్లుకుని ఉంటుంది. ఇక ఆ పచ్చ. చిలకపచ్చ కాదు, వరిమడి పచ్చ కాదు, వెనకాల ఎవరో దీపం పెట్టినట్టుండే పచ్చ.

"లండన్ నుంచి రంగులు తెప్పిచ్చిండు గని సీసాలల్లనే సచ్చిపోయినై సార్" అన్నాడు పెయింటర్. "ఏ పచ్చ కలిపినా దీంట్ల కలుస్తలేదు. అందుకే దీని రంగు దీనికే పెడుతున్న."

అంచుల్లో మడతపడి మిగిలిపోయిన కాగితాన్ని బ్లేడుతో గీకి, ఆ పొడిని బంకనీళ్ళలో నూరుకుంటున్నాడు. ఉడుత వెంట్రుకల కుంచెని అందులో ముంచి, పెదాల మధ్య పెట్టి మొన లాగి, ఆకు అంచు మీద గీత దించాడు. పక్కనున్న పాత గీతకీ దానికీ తేడా నాకు కనపడలేదు. సన్నగీతకి మొన పెదాలతోనే తీరుస్తారట నకాషోళ్ళు, నీళ్ళతో తీరిస్తే గీత లావు వస్తుందట. ఈ వివరం వ్యాసానికి పనికొస్తుందని సంతోషంగా రాసుకున్నాను.

వీడ్కోలు చెప్పి వస్తుంటే గేటు దగ్గర వంటమనిషి ఆపాడు. రాయచోటి సాయిబు, నోటి మీద అదుపు లేని మనిషి.

"సార్, పేపర్లో రాసేటప్పుడు ఇది గూడా రాయండి. ఆ గదిలో బల్లి బతకదు. ఈగ వాలదు. పిల్లిని ఎత్తుకోని పోయి ఇడిస్తే నా చెయ్యి గీరేసి పరిగెత్తింది. అది ఇంగ్లీషోళ్ళ జిన్ను సార్."

"భాయ్ వంట తిన్నంక బల్లి ఎట్ల బతుకుతది?" అని లోపలి నుంచి పెయింటర్ కేక.

ఆ వ్యాసం అచ్చు కాలేదు. యుద్ధం మొదలైంది.

ఇక్కడ ఆ రోజుల పద్ధతి ఒకటి చెప్పాలి. స్కడ్లలో విషవాయువు వస్తుందని అందరి భయం. ఇంట్లో ఒక గది ఎంచుకుని కిటికీలకి ప్లాస్టిక్ కొట్టి, సందుల్లో గోధుమరంగు టేపు అతికించి, తలుపు కింద తడి తువ్వాలు తోసి, సైరన్ మోగగానే అందులో దూరేవాళ్ళం. ఏ వాయువు ఏ వాసన వేస్తుందో చెబుతూ కరపత్రాలు పంచారు. ఒకటి తాజా గడ్డి వాసన, ఒకటి వెల్లుల్లి వాసన. మాస్కులు మాత్రం అందరికీ అందలేదు. మా ఆఫీసుకి ఒకటి వచ్చింది, ఎవరు బయటికి వెళితే వాళ్ళు పట్టుకుపోయేవాళ్ళం.

వ్యాపారి పెళ్ళాం పిల్లల్ని తీసుకుని జెద్దా వెళ్ళాడు. వెళ్ళేముందు పనివాళ్ళిద్దర్నీ కూడా రమ్మన్నాడు. ఇల్లు వదిలి రానని వంటమనిషి, పని సగంలో ఇడిసిపెట్టి రానని పెయింటర్ ఉండిపోయారు. కిటికీల్లేని గది ఇంటి నడుమ సిద్ధంగా ఉంది. ఇద్దరూ సైరన్ మోగితే అందులోనే. పెయింటర్ అయితే మోగకపోయినా అందులోనే.

ఒకరోజు జెద్దా నుంచి ఆఫీసుకి ఫోన్ చేశాడు వ్యాపారి. "ఇంట్లో ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు. ఒకసారి చూసి రాగలవా?" ఆయన గొంతులో ఆందోళన నిజమైనదే. మాస్కు భుజాన వేసుకుని సాయంత్రం బయలుదేరాను.

గేటు తీసిన వంటమనిషి మొహం పీక్కుపోయి ఉంది. "ఫోన్ ఎందుకు ఎత్తలేదు?" అంటే, "గదిలో ఉంటే వినపడదు సార్. ఆయప్ప బయటికి రాడు, ఒంటరిగా ఇడిసిపెట్టి నేను రాలేను" అన్నాడు. "తినేదంతా కక్కుకుంటాండాడు. అరికాళ్ళలో చీమలు పాకుతాండాయంట. ఆసుపత్రికి పోదాం రా అంటే, పిట్ట ఒకటుండాది, అయిపోనీ అంటాడు. మీరన్నా చెప్పండి సార్."

గది తలుపు తీయగానే వెచ్చటి తేమ మొహానికి కొట్టింది. తడి తువ్వాళ్ళు, నీళ్ళ బకెట్లు, ఇద్దరి ఊపిరి, బయటికి పోయే దారి లేని గాలి. ఏసీ సందులు కూడా టేపు వేసి మూసేశారు. కాగితం కింది అంచున బూజు పట్టి బొమ్మ ఉబ్బింది. పెయింటర్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. మెడ మీద చర్మం నల్లగా చుక్కలు తేలింది.

"వచ్చినవా సార్" అన్నాడు. "చూడు, ఏది నాదో ఏది వాళ్ళదో చెప్పు."

చూశాను. చినిగిన మూల ఎక్కడుండేదో కూడా గుర్తుపట్టలేకపోయాను. చెప్పలేనన్నాను.

"నాకూ తెలుస్తలేదు సార్ ఇప్పుడు." నవ్వబోయాడు. "సైరన్ మోగినప్పుడు గీ ఆకులు కదుల్తయి. పిట్టలన్నీ తలుపు దిక్కు తిరుగుతయి. భాయ్‌కి కనపడదంట."

"నాకు కనపడితే ఈడ ఉంటానా?" అన్నాడు వంటమనిషి. నవ్వలేదు.

ఆసుపత్రికి వెళదాం లెమ్మని నేను చెయ్యి పట్టుకున్నానో లేదో సైరన్ మొదలైంది. పొద్దుగూకే వేళ చేసే మగ్రిబ్ నమాజు అయి కాసేపే అయింది. వంటమనిషి తలుపు మూసి, చకచకా టేపు లాగి, కింద తువ్వాలు తోసి, దాని మీద బకెట్ నీళ్ళు కుమ్మరించాడు. దూరంగా ఎక్కడో ఒక దెబ్బ. గోడలోంచి వచ్చినట్టు వినిపించింది. దీపం ఒక్కసారి తగ్గి వెలిగింది.

అప్పుడు వచ్చింది వాసన.

నేను నోరు విప్పకముందే వంటమనిషి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "సార్. వెల్లుల్లి."

"వంటలో వేశావా?"

"అల్లా తోడు, ఈ దినం వెల్లుల్లి ముట్టలే. ఈయప్పకి గంజి, నాకు రొట్టె."

కరపత్రం ముగ్గురికీ గుర్తే. ఉన్నది ఒక్క మాస్కు. తీసి పెయింటర్ మొహానికి తొడగబోయాను. తల విదిలించి పక్కకి తిరిగి కక్కాడు. కక్కేవాడికి మాస్కు వేస్తే అందులోనే ఊపిరాడక పోతాడు. వేయకపోతే వాయువుకి పోతాడు. మాస్కు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. వాసన తగ్గుతూ, మళ్ళీ చిక్కబడుతూ ఉంది. గోడ వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. ఆకులు కదిలాయని నేను చెప్పను. కదలలేదని కూడా గట్టిగా చెప్పలేను.

"బయటికి తీస్కపోండి" అన్నాడు పెయింటర్, అందరికీ వినపడేలా. "సచ్చేదుంటే బయట సస్త. గీ గదిల సావ."

వంటమనిషి తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. "తెరవాకండి సార్! తెరిస్తే ముగ్గురం పోతాం. ఆల్ క్లియర్ సైరన్ మోగనీ!"

"అప్పటికి ఈయన ఉండడయ్యా!"

"నాకు నలుగురు బిడ్డలుండారు సార్!"

మాస్కు అతని చేతిలో పెట్టాను. "నువ్వు తొడుక్కో. నేను తలుపు తీస్తాను." అతను మాస్కు వైపు చూశాడు, నేల మీద పెయింటర్ వైపు చూశాడు. ఏదో తిట్టుకున్నాడు, నన్నో, యజమాని అయిన కఫీల్‌నో, సద్దామ్‌నో. మాస్కు తొడుక్కోలేదు. తనే వెనక్కి తిరిగి టేపు పీకాడు.

ముగ్గురం హాల్లోంచి, వరండాలోంచి, గేటు దాకా ఊపిరి బిగబట్టి వచ్చాం. ఇంక బిగబట్టలేక పీల్చాను. సముద్రపు గాలి. ఉప్పు, తేమ, ఎవరింట్లోనో మాడిన రొట్టె. వెల్లుల్లి లేదు. ఎదురింటి పాకిస్తానీ వాచ్‌మన్ అరుగు మీద కూర్చుని తాపీగా సిగరెట్ కాలుస్తున్నాడు. మమ్మల్ని చూసి, "క్యా హువా సాబ్? వో తో సమందర్ మే గిర్ గయా" అన్నాడు. అది సముద్రంలో పడిందట.

వంటమనిషి రోడ్డు మీదే కూలబడి నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. నేను మాత్రం వెనక్కి తిరిగి ఇంటి వైపు చూశాను. వాయువు బయట లేదు. మేం టేపు వేసి మూసుకున్న చోటే ఉంది.

పెయింటర్‌ని కారు వెనక సీట్లో పడుకోబెట్టి, తల వంటమనిషి ఒళ్ళో పెట్టి బయలుదేరాను. అద్దాలన్నీ దించాం. సముద్రపు ఒడ్డు రోడ్డు, కార్నిష్, దాటుతుండగా వంటమనిషి చాలా చిన్న గొంతుతో అన్నాడు. "సార్, వాసన మనతోనే వస్తాండాది."

నిజమే. ఎదురుగాలి కొడుతున్నా వస్తోంది. కాస్సేపటికి వంగి చూసి, ఇంకా చిన్నగా, "ఈయప్ప నోట్లోంచి సార్" అన్నాడు. అన్నాక కూడా తల ఒళ్ళోంచి దించలేదు.

పక్క ఊరు దమ్మామ్ ఆసుపత్రిలో 'వెల్లుల్లి' అనగానే జనం చెల్లాచెదురయ్యారు. మేం గ్యాస్ బాధితులమనుకుని, రబ్బరు దుస్తులు వేసుకున్నవాళ్ళు పెరట్లో నిలబెట్టి పైపుతో నీళ్ళు కొట్టారు. చలికి వణుకుతుంటే గుంటూరు డాక్టర్ ఒకాయన వచ్చి, పెయింటర్ గోళ్ళు దీపం కింద పెట్టి చూశాడు. ప్రతి గోరుకీ అడ్డంగా ఒక తెల్లటి గీత.

"ఏవండీ, ఇది స్కడ్ కాదు. ఒక్కరోజుది అసలే కాదు. ఈయన ఏం పని చేస్తాడు?"

చెప్పాను. గీకిన పొడి, బంకనీళ్ళు, పెదాలతో తీర్చే మొన.

"రంగేమిటి?"

"పచ్చ."

"పాత ఇంగ్లీషు గోడకాగితమా? ఓరి నాయనో." పట్టుకున్న చెయ్యి మెల్లగా కింద పెట్టాడు. "అందులో పాషాణం ఉంటుందండీ, ఆర్సెనిక్. ఆ రోజుల్లో ఆ పచ్చ దానితోనే చేసేవాళ్ళు. ఒంట్లోకి ఎక్కితే ఊపిరే వెల్లుల్లి వాసన కొడుతుంది. ఆ గదుల్లో పడుకున్న పిల్లలు చచ్చిపోయేవాళ్ళని కాలేజీలో చదివాం, పరీక్షకి తప్ప ఎందుకూ పనికిరాదనుకున్నాను. తేమ తగిలి బూజు పడితే గోడే విషం కక్కుతుందంటారు, అది ఎంతవరకు నిజమో నాకు తెలీదు. ఈయన మాత్రం దాన్ని రోజూ నాకుతున్నాడు."

తెల్లవారకముందే సూదిమందు మొదలుపెట్టారు. అది వెనకటి యుద్ధాల్లో ఒక విషవాయువుకి విరుగుడుగా కనిపెట్టినదట. పాషాణానికీ పనిచేస్తుంది. యుద్ధ భయం లేకపోతే ఆ అలమరలో ఆ మందు ఉండేదే కాదన్నాడు డాక్టర్. సద్దాముకి మేము కృతజ్ఞత చెప్పుకోవలసిన సందర్భం అదొక్కటే.

మనిషి బతికాడు. వేళ్ళ చివర్లు మాత్రం మొద్దుబారిపోయాయి. గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. నేను చూడబోయినప్పుడల్లా నన్ను అడిగేది ఒకటే.

"సార్, ఆఖరి పిట్టకు కన్ను పెట్టలే. మేం కన్ను ఆఖర్న పెడుతం. పెట్టకపోతే అది బొమ్మ గాదు, పీనుగ. గట్లనే ఇడిసిపెట్టి వచ్చిన. ఒక్కసారి పోనీ సార్."

"నీ చెయ్యి చూసుకున్నావా?"

"చుక్కనే గద సార్. చుక్కకు ఎంత చెయ్యి గావాలె?"

యుద్ధం ఆగింది. కువైట్ నుంచి తగలబడుతున్న చమురు బావుల పొగ వచ్చి మా మీద కూర్చుంది. మిట్టమధ్యాహ్నం కార్లు దీపాలు వేసుకుని తిరిగేవి, ఆరేసిన తెల్లచొక్కాలు నల్లచుక్కలతో వచ్చేవి. అలాంటి ఒక చీకటి మధ్యాహ్నం వ్యాపారి కబురు చేశాడు. ఆయన జెద్దా నుంచి వచ్చి ముందు ఆసుపత్రికి వెళ్ళి పెయింటర్ పక్కన చాలాసేపు కూర్చున్న సంగతి డాక్టర్ అప్పటికే చెప్పాడు. గది పీకేస్తే ఆ దుమ్ము ఎవరి ఊపిరిలోకి పోతుందో తెలియదు. అందుకని వ్యాపారి తలుపు స్థానంలో ఇటుక గోడ కట్టించి పూసేయాలని నిర్ణయించాడు. టైల్స్, బీరువా, కాగితం, అన్నీ లోపలే ఉంటాయి.

మేస్త్రీ సిమెంటు కలుపుతున్నాడు. పెయింటర్ కూడా వచ్చాడు, వంటమనిషి భుజం పట్టుకుని. ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద, ఇక తిరిగి రాకుండా, ఇంటికి వెళ్ళిపోతున్నాడు. చేతిలో కుంచె, చిన్న నల్లరంగు సీసా. వ్యాపారి నన్ను అడిగాడు, ఏం కావాలంటున్నాడని. చెప్పాను. ఆయన తలుపు వైపు చూసి, "మాస్కు వేసుకుని వెళ్ళమను. త్వరగా రమ్మను" అన్నాడు. అప్పటికి మాస్కులు ఎక్కడ చూసినా ఉన్నాయి.

వంటమనిషి తనే మాస్కు పట్టీలు బిగించాడు. "కన్ను పెట్టు, వచ్చేయి. ఆడ కూచోని ముచ్చట్లు పెట్టుకున్నావంటే నేనొచ్చి ఈడ్చుకోని వస్తా."

టార్చి తీసుకుని లోపలికి వెళ్ళాడు. మేం బయట నిలబడ్డాం. మేస్త్రీ తాపీ చప్పుడు కూడా ఆగింది. ఎంతసేపని చెప్పలేను, వంటమనిషి ఆగలేక రెండడుగులు ముందుకు వేసేంతసేపు. అప్పుడు వచ్చాడు. మాస్కు తీశాడు. కుంచె పొడిగా ఉంది. సీసా మూత తీయనే లేదు.

"ఏమైంది? చెయ్యి ఆడలేదా?"

"కన్ను ఉన్నది సార్."

"ఒంట్లో బాగోనప్పుడు నువ్వే పెట్టి మర్చిపోయుంటావు. లేదా అది వేరే పిట్ట."

"నా పిట్టను నేను ఎరగనా." అతని గొంతులో వాదన లేదు. "నేను పెట్టలే. చుక్క ఇంక తడిగున్నది సార్. ఏలుతోని ముట్టిన."

వేలు చాపి చూపించాడు. మొద్దుబారిన ఆ వేలి చివర చిన్న నల్లటి మరక. గదిలో తేమ, బూజు, ఆ రోజుల్లో ఊరంతా కురుస్తున్న మసి. దేని మరకైనా కావచ్చు. వంటమనిషి గబగబా తన చొక్కా అంచుతో దాన్ని తుడిచేశాడు.

వ్యాపారి నా వైపు తిరిగాడు. "ఏమంటున్నాడు?"

నేను కాసేపు తడుముకున్నాను. అనువదించి బతికినవాణ్ణి, మాటకి మాట దొరకనిది ఎప్పుడూ లేదు.

"పని పూర్తయిందంటున్నాడు" అన్నాను.

ఆయన తల ఊపాడు. మేస్త్రీ మొదటి ఇటుక పెట్టాడు.